మూడో వరసకు అడ్డమొచ్చిన గోడ

నాచారం,
మే 18.

కమలా,

ఫోన్ చేస్తే మీ ఆయన మూర్తన్నయ్య స్పీకర్ పెట్టి మీ ఇంటిల్లిపాదికీ వినిపిస్తాడు. వాట్సాప్‌లో రాస్తే నా మాట సాయంత్రానికల్లా కాలనీ అంతా తిరిగి, నేననని మాటలు నాలుగు కలుపుకుని నాకే వస్తుంది. అందుకని పోస్టాఫీసుకి పోయి కవర్లు కొన్నాను. కౌంటర్లో అమ్మాయి "ఎవరికి మేడం, కోర్టుకా?" అని అడిగింది. ఇరవై ఏళ్ళు ఒకే బడిలో, ఒకే బల్లకి చెరో పక్కా కూర్చుని పేపర్లు దిద్దిన స్నేహితురాలికి అన్నాను. నమ్మినట్టు లేదు.

విశేషం ఏమిటంటే, మన కాలనీలో మిగిలిన ఆ ఒక్క ఖాళీ జాగాలో పార్కు కడతారట. మీ డాబా ఎక్కితే కనిపించేది, అదే. కట్టడం వింత కాదు, ఎలా కట్టాలో మనల్నే చెప్పమనడం వింత. హిమజ అని ఒక పిల్ల, ఊళ్ళూ పేటలూ ఎలా కట్టాలో చదువుకుందట, మున్సిపాలిటీ తరఫున వచ్చి ప్రతి ఇంటి తలుపూ కొడుతోంది. "మీకేం గావాల్నో మీరే జెప్పున్రి ఆంటీ, మీరు జెప్పిందే గడ్తం" అంటుంది. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నీకేం కావాలని నన్ను ఏ ఆఫీసూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారంటే ఏదో ఉంది.

నిన్న మొదటి సభ జరిగింది. అందరి చేతికీ ఒక కాగితం వచ్చింది. పైన ఒక్క అక్షరం లేదు. కింద వరస నంబర్లు, పేరు, ఇంటి నంబరు, సంతకం. ఇది హాజరా, అంగీకారమా? రేపు ఆ పైన ఏమైనా రాసుకోవచ్చు కదా! మనవాళ్ళు ఒక చేత్తో సమోసా, ఒక చేత్తో పెన్ను పట్టుకుని గీకేశారు. నేను మాత్రం "చదవకుండ సంతకం వెట్ట బిడ్డా" అన్నాను. మన అసోసియేషన్ ప్రెసిడెంట్ ఉపేందర్ ఊరుకుంటాడా, "టీచరమ్మకు దేవుడు గనవడ్డా ముందుగాల ఆధార్ కార్డే అడుగుతది" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనీ.

నువ్వుంటే నా పక్కన కూర్చునేదానివి. నువ్వు ఇల్లమ్ముకుని వెళ్ళిన ఈ రెండేళ్ళలో నాకు నమ్మకమైన మనిషి ఒక్కరు దొరకలేదు.

స్వర్ణ


సామర్లకోట,
మే 30.

ఒసే స్వర్ణా,

నీ ఉత్తరం అందింది. క్షేమమా అని అడగక్కర్లేదు, అంత అనుమానం ఉన్న మనిషి క్షేమంగానే ఉంటుంది. మీ అన్నయ్య నా భుజం మీంచి చదవబోతే కవరు బొడ్లో దోపుకున్నాను. "ఏంటంత రహస్యం?" అని పొద్దుట్నుంచీ మూతి ముడుచుకుని కూర్చున్నారు. మేముంటున్న ఇల్లు మా తమ్ముడిది కదా, మధ్యలో వాడు నలిగిపోతున్నాడు.

అడగడానికి వచ్చిన పిల్లని అనుమానిస్తే ఎలాగే? మనం ఎప్పుడైనా పిల్లల్ని అడిగామా, ఈవేళ ఏ పాఠం చెప్పమంటారని? అడిగేవాళ్ళు వచ్చారంటే సంతోషించాలి. అందరూ పెట్టిన చోట నువ్వూ ఓ సంతకం పెట్టెయ్యి, గొడవ వదిలిపోతుంది.

ఒక్క మాట. కొలతలు తీయిస్తారా? ఉన్న జాగా ఉన్నట్టు వాడుకుంటే సరిపోయే దానికి టేపులు పట్టుకుని తిరగడం దేనికి? నన్నడిగితే తూర్పు వైపు గోడ పొడుగునా కానుగ మొక్కలు దగ్గర దగ్గరగా నాటించు. నీడా వస్తుంది, గోడా కనపడదు. మా పాత గోడ చూడ్డానికి ఏం బాగుంటుంది చెప్పు?

మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఆవనూనె రాస్తున్నావా, లేక ఆవనూనె మీద కూడా అనుమానమేనా?

నీ కమల


నాచారం,
జూన్ 17.

కమలా,

ఆవనూనె మీద అనుమానం లేదు, అమ్మే కొట్టు మీద ఉంది.

నాలుగు రోజుల కిందట పొద్దున్నే జాగాలో తెల్లగా సున్నం గీతలు కనిపించాయి. ఖాళీ జాగాలో సున్నం గీత చూస్తే మనవాళ్ళకి తట్టేది ఒకటే కదా, ఎవడో కబ్జా చేసి ఇంటికి ముగ్గు పోశాడని. ఉపేందర్ కర్ర పట్టుకుని "ఎవడ్రా మా జాగల ముగ్గు వోసింది!" అని అరుస్తూ పరుగెత్తాడు. చూస్తే హిమజ, నెత్తికి తువ్వాలు చుట్టుకుని డబ్బాతో సున్నం పోస్తోంది. కాగితం మీద ప్లాను ఎవరికీ అర్థం కావడం లేదని, పార్కు ఎంతో అంతా నేల మీదే గీసి చూపిస్తుందట. నడిచే బాట ఇక్కడ, ముసలివాళ్ళ బెంచీలు ఇక్కడ, పిల్లల ఉయ్యాలలు ఇక్కడ. నచ్చకపోతే కాలితో చెరిపి మళ్ళీ గీయమనవచ్చు. నిజం చెప్తున్నాను, ఈ పద్ధతి నాకు నచ్చింది.

మేం ఆడవాళ్ళం ఒక్కటే అడిగాం, బతుకమ్మ ఆడుకోవడానికి చదునుగా జాగా ఉండాలని. పడమర వైపు బండరాయి, మధ్యలో బోరు, మిగిలింది తూర్పు వైపే. "ఎంత పెద్ద సర్కిల్ గావాలె?" అని హిమజ టేపు తీసింది. కౌసల్యమ్మ, అదే, ఏటా పాట ఎత్తుకునే ముసలమ్మ, టేపు పక్కకి తోసేసింది. "కాయితం మీద ఎట్ల జెప్తం బిడ్డా? ఆడి సూపిస్తం. నువ్వు ఎనుక సున్నం వోసుకుంట రా" అంది. జూన్ నెలలో బతుకమ్మేమిటని ఎవరో నసిగితే "కొల్తకే గద, తల్లి ఏమనదు" అని బకెట్ బోర్లించి మధ్యలో పెట్టింది.

ముప్పై మందిమి ఆ ఎండలో చప్పట్లు కొడుతూ తిరిగాం కమలా. లోపలి వరస, రెండో వరస, మూడో వరస. మూడో వరసలో నేనున్నాను. సగం తిరిగేసరికి నా భుజం గోడకి గీసుకుంది. వెనకున్న వాళ్ళు నా మీద పడ్డారు. పాట ఆగిపోయింది. "గోడ అడ్డమొచ్చింది" అంది కౌసల్యమ్మ.

హిమజ తన పటం చూసి, టేపు పెట్టి కొలిచి, మళ్ళీ పటం చూసింది. లేఅవుట్ ప్రకారం బండ నుంచి తూర్పు హద్దుకి అరవై అడుగులుండాలట. నలభై ఎనిమిదే ఉంది. "నా కొల్తల తప్పుందేమో, మల్ల సూస్త" అంది. తప్పు కొలతలో ఉందా, ఇంకెక్కడైనా ఉందా? ఆ గోడ నలభై ఒకటో నంబరుది, మీ ఇంటిది. ఇప్పుడు అందులో ఎవరున్నారో తెలుసు కదా.

స్వర్ణ


సామర్లకోట,
జూన్ 27.

స్వర్ణా,

మీ ఎండ బతుకమ్మ సంగతి చదివి నవ్వుకున్నాను. ముప్పై మంది పెద్దవాళ్ళు బకెట్ చుట్టూ తిరగడం చూసినవాళ్ళు ఏమనుకున్నారో!

ఎందుకే మూడు వరసలు? రెండు చాలవా? ముసలివాళ్ళు కూర్చుని పాడతారు, కుర్రపిల్లలు తిరుగుతారు. పండగ తొమ్మిది రోజులు, పార్కు ఏడాది పొడుగునా ఉంటుంది. ఆ తొమ్మిది రోజుల కోసం పన్నెండు అడుగులు పట్టుకుని వేలాడడం ఏం న్యాయం? పాత లేఅవుట్లలో కొలతలు ఎప్పుడూ సరిగ్గా ఉండవని మీ అన్నయ్య కూడా అంటున్నారు. అంటే నేను ఉత్తరం చూపించలేదులే, మాటల్లో అడిగాను.

శశిధర్, భాగ్యశ్రీ నెమ్మదైన పిల్లలు. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజున మన వంటింట్లో నీ చేత్తోనే వాళ్ళకి టీ ఇచ్చావు, గుర్తుందా? కొత్తగా కాపురం పెట్టుకున్నవాళ్ళు. వాళ్ళ జోలికి పోకు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఉత్తరం పొడిగా అందితే చాలు.

కమల


నాచారం,
జూలై 29.

కమలా,

నెమ్మదైన పిల్లలట! విను.

హిమజ సర్వేయరుని తెచ్చి మూడుసార్లు కొలిపించింది. పన్నెండు అడుగులు లేవు. "పన్నెండు ఫీట్లు గాలికి వోతదా?" అని ఉపేందర్ సభలోనే అడిగాడు. పోయిన దసరాకి శశిధర్ ఆ గోడని రెండు వరసలు ఎత్తు లేపి, కొత్తగా ప్లాస్టరింగ్ చేయించి, రంగు వేయించాడు. నాలుగు రోజులు పరదా కట్టి పని చేయించాడు. పోచారంలో కంప్యూటర్ ఉద్యోగం, పగలంతా ఇంట్లో ఉండడు, మేస్త్రీ ఏం చేశాడో ఎవరికి తెలుసు? ఆ పరదా వెనకే గోడ ముందుకు నడిచింది.

సభలో లేచి "మేం గోడ జరపలే అంకుల్, ఎత్తు లేపినం అంతే" అన్నాడు. జరిపావా అని అప్పటికి ఎవరూ వాణ్ణి అడగనే లేదు! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. ఆ పిల్ల భాగ్యశ్రీ నా వైపే చూస్తూ కూర్చుంది. నాకు మొదటి నుంచీ అనుమానమే. జనగామ నుంచి వచ్చిన పిల్ల, ఎవరూ తెలియని కాలనీలో కనపడిన ప్రతివాళ్ళనీ అక్కా, ఆంటీ అని నవ్వుతూ పలకరిస్తుంది. అంత నవ్వు దేనికి?

ఫిర్యాదు నేనే రాశాను. నలభై ఆరుగురు సంతకాలు పెట్టారు, ఈసారి అందరూ చదివి పెట్టారు. గోడ ఎందుకు తీయించకూడదో చెప్పమని మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి ఆ పిల్లల గేటుకి కాగితం అంటించి పోయారు. సెప్టెంబరు ఏడున ఆఖరి సభ, ఆ రోజు ప్లాను ఖాయం చేస్తారు. గోడ వెనక్కి జరిగితే వాళ్ళ వంటింట్లో సగం పోతుంది. పోనీ. మన జాగా మనకి రావాలి. ఇది దక్కించుకోకపోతే రేపు ఇంకొకడు బండ పక్కన ఇల్లు లేపుతాడు.

బోనాలు జరిగాయి. వాన పడలేదు.

నువ్వు నాకు అనుమానం జబ్బు అంటావు. ఈసారి జబ్బే మందయింది.

స్వర్ణ


సామర్లకోట,
ఆగస్టు 6.

స్వర్ణా,

ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకో. కారణం అడక్కు.

ఆ పిల్లలు గోడ జరపలేదని నాకు అనిపిస్తోంది. కాలనీలో వాళ్ళతో మాటలు మానేశారా? ఆ అమ్మాయి ఒంటరిగా ఉంటోందా? ఇవి మాత్రం రాయి.

ఒంట్లో బాగా లేదు, ఎక్కువ రాయలేను.

కమల


నాచారం,
ఆగస్టు 16.

కమలకుమారి గారికి,

మొన్న మధ్యాహ్నం భాగ్యశ్రీ మా ఇంటికి వచ్చింది. నేను గేటు తీయలేదు. గేటు అవతల నిలబడే ప్లాస్టిక్ కవర్లోంచి రిజిస్ట్రేషన్ కాగితాలు తీసింది. "గీ పేజీల కొల్తలు సూడుండ్రి ఆంటీ" అంది. చూశాను. వాళ్ళు కొన్న స్థలం పొడవు కాగితంలో ఎంతుందో, ఇవాళ వాళ్ళ గోడ దాకా కొలిస్తే పన్నెండు అడుగులు ఎక్కువ. కాగితం ప్రకారం కొన్నది తక్కువ. గోడ ప్రకారం చూపించింది ఎక్కువ. "ఇల్లు జూసిన్నాడు గదే గోడ, గదే వంటిల్లు. మీరే చాయ్ ఇచ్చిన్రు. మాకు సుత ఎరుక లేదు" అంది.

తర్వాత ఆఖరి పేజీ తిప్పింది. సాక్షులు అని ఉన్నచోట వేలు పెట్టింది. "గీ సంతకం మీదే గద?"

నాదే. ఉప్పల్ రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ రోజు నువ్వు "ఇక్కడ పెట్టవే, ఆలస్యమైతే భోజనానికి హోటల్ దొరకదు" అన్నావు, నేను పెట్టాను. చదవలేదు. నువ్వు చూపించిన చోట చదవాలని నాకు తోచలేదు.

ఆ పిల్ల వెళ్ళాక నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్ళీ చదివాను. 'మా పాత గోడ' అని మే నెలలోనే రాశావు. కొలతలు వద్దన్నావు. చెట్లతో కప్పమన్నావు. రెండు వరసలు చాలన్నావు. ఇదంతా నా కళ్ళ ముందే ఉంది. ఆ వంటింట్లో నీ చేతి కాఫీ ఎన్ని వందల సాయంత్రాలు తాగాను, ఆ గోడ అప్పుడూ అక్కడే ఉంది. ఒక్క నిమిషం గుర్తు తెచ్చుకుంటే సరిపోయేది. నేను తెచ్చుకోలేదు. నాకు దొంగ కావాలి, ఆ దొంగవి నువ్వు కావడం నాకు అక్కర్లేదు. అందుకని ఆ పిల్లని చేశాను.

ఒకటే అడుగుతున్నాను. గోడ ఎప్పుడు జరిగింది?

స్వర్ణలత


సామర్లకోట,
ఆగస్టు 24.

స్వర్ణా,

నన్ను గారు అనకు. ఇంకేమైనా అను.

నువ్వు ఆ కాలనీకి రాకముందు, మేము ఇల్లు కట్టుకున్న మూడో ఏడు, వేసవి సెలవుల్లో. గోడ జరిపించింది మీ అన్నయ్య. కానీ ఆయన మీదికి తోసేసి నేను తప్పుకోను. వంటిల్లు ఇరుకుగా ఉందని, ఇద్దరు మనుషులు నిలబడితే ఒకరు గ్రైండరు మీద కూర్చోవాల్సి వస్తోందని రోజూ పోరింది నేనే. వెనకంతా తుమ్మ పొదలు, పాములు. ఎవరూ రాని జాగా, ఎవరిదీ కాదనుకున్నాం. వారం రోజుల్లో గోడ లేచింది. ఎవరూ అడగలేదు. మొదటి ఏడు భయపడ్డాను, రెండో ఏడు మర్చిపోయాను. ఆ తర్వాత అది నిజంగా మాదే అనిపించింది. అలా అనిపిస్తుందని నేను అనుకోలేదు స్వర్ణా.

అమ్మేటప్పుడు చెబుదామన్నాను. "అడిగితే కదా చెప్పేది" అన్నారు. సాక్షిగా నిన్ను పిలవమన్నది కూడా ఆయనే. "టీచరమ్మ సంతకం ఉంటే ఆ పిల్లలు ఇంకేమీ అడగరు" అన్నారు. నేను కాదనలేదు. గోడకంటే నన్ను ఎక్కువ కాల్చింది ఇదే. చదవకుండా సంతకం పెట్టనని నువ్వు మేలో రాస్తే, ఆ కాగితం పట్టుకుని స్నానాలగదిలోకి పోయి ఏడ్చాను.

మేలోనే చెప్పి ఉంటే ఆ పిల్ల మీద మాట పడేది కాదు. రాయబోయి మూడుసార్లు చింపేశాను. నీ దగ్గర కూడా పరువు పోతే నాకింకెక్కడా మిగలదనిపించింది.

ఈ ఉత్తరం ఏడో తారీకు సభలో చదువు. నా పేరు, ఆయన పేరు దాచకు. నేను రాలేను. అందరి ముందూ నిలబడే ధైర్యం నాకు లేదు.

కమల


నాచారం,
ఆగస్టు 31.

కమలా,

చదవను.

నీ మాట మీద నా చెయ్యి సంతకం పెట్టింది. ఇప్పుడు నీ తప్పు చెప్పడానికి నోరు కూడా నాదే కావాలా? నువ్వు రా. సభ పదకొండింటికి, ఉపేందర్ వాళ్ళ సెల్లార్లో. మా ఇంట్లో దిగవచ్చు, అన్నం పెడతాను. మాట్లాడతానో లేదో చెప్పలేను.

నువ్వు రాకపోతే నేను నా సంగతి మటుకు చెప్తాను, చదవకుండా సంతకం పెట్టానని, తెలిసిన గోడని తెలియనట్టు ఫిర్యాదు రాశానని. నీ సంగతి చెప్పను. అప్పుడు కాలనీ సగం నమ్ముతుంది, సగం నమ్మదు, ఆ పిల్ల మీద మాట అలాగే ఉండిపోతుంది. నీ ఇష్టం.

స్వర్ణ


నాచారం,
సెప్టెంబరు 9.

కమలా,

నువ్వు వచ్చావు. ఒక్కదానివే వచ్చావు. మా ఇంటికి రాకుండా స్టేషన్ నుంచి నేరుగా సెల్లార్‌కి వచ్చావు. నిలబడి, ఒక్క మాట మింగకుండా చెప్పావు. తర్వాత మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఆటో ఎక్కి వెళ్ళిపోయావు. ఆ తర్వాత ఏం జరిగిందో నీకు తెలియదు కనక రాస్తున్నాను.

ముందు గోల. మీ ఆయన మీద కేసు పెట్టాలని ఒకరు, ఆంధ్రా వాళ్ళంటేనే ఇంత అని ఇంకొకరు. కౌసల్యమ్మ లేచి "నోర్మూయున్రి, మొన్నటిదాంక జనగామ పిల్లను గిట్లనే అన్నరు" అంది. నేను లేచి నా సంతకం సంగతి, ఫిర్యాదు సంగతి చెప్పాను. ఉపేందర్ తల వంచుకున్నాడు. భాగ్యశ్రీకి క్షమాపణ చెప్పాను. తప్పయిందని, అందరి ముందూ.

ఆ పిల్ల లేచింది. అరవలేదు. హిమజ పటం మీద వేలు పెట్టి "గోడ, వంటిల్లు మేమే తీసేస్తం. మీ మూడో వరస మీకొస్తది. కూలోళ్ళకు గూడ చెప్పినం" అంది. చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేదాకా ఆగి, నా వైపు తిరిగింది.

"బోనాలప్పుడు బోనం ఎత్తుకోని గీ గల్లీల నడిచిన ఆంటీ. ఒక్క గడప కెళ్ళి సుత నా కాళ్ళ మీద చెంబెడు నీళ్ళు వొయ్యలె. గోడ ఎనుకకు జరుపుతం. గా దినం ఎట్ల ఎనుకకొస్తది?"



బోనాలు జరిగాయి, వాన పడలేదు అని నీకు రాశాను. మిగతాది రాయలేదు. నువ్వొక్కదానివే దాచావనుకోకు. ఆ రోజు నేను చెంబు నిండా నీళ్ళు పట్టుకుని మా గేటు ముందు నిలబడ్డాను. ముందు నడిచిన నలుగురు ఆడవాళ్ళ కాళ్ళ మీద పోసి దండం పెట్టాను. అయిదోది భాగ్యశ్రీ. కొత్త చీర, పసుపు రాసుకున్న కాళ్ళు, నెత్తి మీద బోనం, దాని మీద దీపం. మా గేటు ముందు కాసేపు నిలబడింది కూడా, నేను పోస్తానని. నేను చెంబు కింద పెట్టాను. నన్ను చూసి పక్కింటావిడ పెట్టింది. ఆవిడని చూసి అవతలివాళ్ళు పెట్టారు. గల్లీ చివరిదాకా అంతే. నెత్తిన అమ్మవారిని మోస్తున్న మనిషికి ఎవరైనా అలా చేస్తారా? నేను చేశాను. టీచరమ్మ కదా, నేను చేస్తే సరైనదే అయి ఉంటుందని అందరూ చేశారు.

మీరు చేసినది పన్నెండు అడుగులని టేపు చెప్పింది. నిన్న పొద్దున్నే కూలీలు వచ్చారు, మధ్యాహ్నానికి గోడ సగం దిగింది. పండగలోగా అది సరైపోతుంది. నేను చేసినది సరిచేయడానికి ఏ మేస్త్రీనీ పిలవలేను.

నీ మీద కోపం పోలేదు. ఆదివారం నువ్వు ఆటో ఎక్కుతుంటే ఆపి ఒక ముద్ద తిని వెళ్ళమనాలని నోటి దాకా వచ్చింది, అనలేదు. అది కూడా తప్పే అనిపిస్తోంది ఇప్పుడు.

వాళ్ళకి ఇప్పుడు వంటిల్లు లేదు, సామానంతా ముందు గదిలో పెట్టుకున్నారు. పొద్దున అన్నం, పప్పు వండి టిఫిన్ తీసుకుని వెళ్ళాను. ఆ పిల్ల తలుపు తీసి, చూసి, "మాకద్దు ఆంటీ" అని మెల్లగా వేసేసుకుంది. సాయంత్రం మళ్ళీ వండాను. ఈ ఉత్తరం అంటించి అక్కడికే వెళ్తున్నాను.

స్వర్ణ